ఉబుంటులో ప్యాకేజీలు తీసేయడం ఎలా: వై నొక్కే ముందు చూడాల్సినవి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లోని డీటీపీ షాపులో, దేవరకొండ కాలేజీ ల్యాబ్‌లో, జడ్చర్లలో ఇంటి దగ్గరి పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, మింట్, బాస్ లినక్స్ ఏది ఉన్నా లోపల వీటన్నిటికీ మూలమైన డెబియన్ లినక్స్ పద్ధతే నడుస్తుంది. అంటే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా, అంటే ప్రోగ్రామ్ ఫైళ్లు కట్టిన మూటలుగా, ఎక్కించేదీ తీసేదీ ఏపీటీ అనే పనిముట్టు. ఎక్కించడం అందరికీ వస్తుంది. తీసేటప్పుడే సిస్టమ్ ఆగమవుతుంది. నల్లమల అంచున అచ్చంపేట అవతలి ఊళ్లలాగా మొబైల్ డేటాతోనే పని నడిచే చోట, పొరపాటున పోయిన డెస్క్‌టాప్‌ను మళ్లీ దింపుకోవాలంటే ఆ రోజు ప్యాక్ మొత్తం దానికే పోతుంది.

కింద కమాండ్లు పలికినట్టు తెలుగులో రాశాం. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. ఏపీటీ, డీపీకేజీ అన్నచోట ఆ అక్షరాలే కొట్టండి. గీతలు, చుక్కలు, ఖాళీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. టెర్మినల్ తెరవడానికి కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కండి.

1. దాన్ని ఎక్కించింది ఎవరో ముందు తేల్చుకోండి

మెనూలో కనిపించే పేరు, ప్యాకేజీ పేరు చాలాసార్లు ఒకటి కాదు. ఫైల్స్ అని కనిపించేది నాటిలస్. వీడియోస్ అనేది టోటెమ్. పేకాట ఆట ప్యాకేజీ పేరు ఐల్‌రియట్ (అక్షరాలు ఏ ఐ ఎస్ ఎల్ ఈ ఆర్ ఐ ఓ టీ). పేరు తెలియకపోతే ఆ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో అడగండి:

విచ్ టోటెమ్

వచ్చిన దారిని బట్టి ఎవరి చేత తీయించాలో తెలుస్తుంది. /యూఎస్ఆర్/బిన్ అని వస్తే చాలావరకు ఏపీటీ సరుకే. /స్నాప్/బిన్ అయితే స్నాప్ అనే వేరే ప్యాకేజీ పద్ధతి. మీ హోమ్‌లోని .లోకల్/బిన్ అయితే సాధారణంగా పైథాన్ ప్రోగ్రాములు ఎక్కించే పిప్ తెచ్చినది. /యూఎస్ఆర్/లోకల్/బిన్ అయితే ఎవరో సోర్స్ కోడ్ తెచ్చి సొంతంగా కట్టి పెట్టారని అర్థం. దాని ఊసు ఏపీటీకి తెలియదు కాబట్టి ఎన్నిసార్లు రిమూవ్ కొట్టినా పోదు. ఆ సోర్స్ ఫోల్డర్ ఇంకా ఉంటే అందులోకి వెళ్లి మేక్ అన్‌ఇన్‌స్టాల్ చేసి చూడాలి, లేదంటే ఫైళ్లు చేత్తో వెతికి తీయాలి.

ఏపీటీ సరుకే అనిపిస్తే, ఏపీటీ కింద పనిచేసే డీపీకేజీని అడిగి ఖాయం చేసుకోండి:

డీపీకేజీ --సెర్చ్ /యూఎస్ఆర్/బిన్/టోటెమ్

కోలన్‌కు ఎడమవైపు కనిపించేదే ప్యాకేజీ పేరు. ఇక్కడ ఏ ప్యాకేజీకీ చెందని దారి అని వస్తే పైన చెప్పిన మిగతా మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

డిస్క్ నిండిందని తీస్తున్నట్టయితే ముందు బరువైనవి ఏవో చూడండి. డెబియన్-గుడీస్ అనే చిన్న ప్యాకేజీ ఎక్కిస్తే డీపీగ్స్ (అక్షరాలు డీ పీ ఐ జీ ఎస్) అనే కమాండ్ వస్తుంది. డీపీగ్స్ అని కొడితే అన్నిటికంటే పెద్ద ప్యాకేజీలు వరుసగా చూపిస్తుంది. రెండు ఎంబీల ఆటలు పది తీసే బదులు వాడని పెద్దది ఒకటి తీయడం మేలు.

2. ఉత్తుత్తిగా తీసి చూడండి

ఈ ఒక్క అలవాటు ఉంటే కింద రాసిన ప్రమాదాల్లో చాలావరకు మీ దాకా రావు.

ఏపీటీ --సిమ్యులేట్ రిమూవ్ టోటెమ్

దీనికి సుడో (అడ్మిన్ అధికారంతో నడపమని ముందు చేర్చే మాట) అక్కర్లేదు, ఏమీ మారదు. ఆర్ఈఎమ్‌వీ అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యే ప్రతి వరుసా నిజంగా చేసినప్పుడు పోయే ప్యాకేజీ. మీరు అడిగింది ఒకటే అయినా వరుసలు పది ఉన్నాయంటే, మిగతా తొమ్మిదీ దాని మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. పల్లికాయ చెట్టు పీకితే కాయలన్నీ వెంట వచ్చినట్టు, అడుగున ఉన్న ప్యాకేజీని పీకితే దాన్ని పట్టుకుని ఉన్నవన్నీ వస్తాయి.

ఆ జాబితాలో ఇవి కనిపిస్తే ఆగండి: ఉబుంటు-డెస్క్‌టాప్, జీనోమ్-షెల్, జీడీఎమ్3, నెట్‌వర్క్-మేనేజర్, సిస్టమ్‌డీ, పైథాన్3, లిబ్‌సీ6, గ్రబ్‌తో మొదలయ్యేవి. ఉబుంటు-డెస్క్‌టాప్ ఒక్కటే కనిపిస్తే భయపడాల్సింది లేదు, అది లోపల ఏమీ లేని ఖాళీ పెట్టె. మిగతావాటిలో ఏదైనా ఉంటే మీరు తీయబోయేది తీసేయదగ్గది కాదు. ఎందుకు వెంట పోతోందో తెలియాలంటే:

ఏపీటీ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్ ప్యాకేజీపేరు

మీ సిస్టమ్‌లో ఉన్నవాటిలో ఏవేవి దాన్ని కోరుకుంటున్నాయో వరుసగా వస్తుంది.

ఇంకో మాట. ఎక్కించే కమాండ్ కూడా తీసేస్తుంది. 2021 చివర్లో పాప్ ఓఎస్ అనే ఉబుంటు తరహా లినక్స్‌లో, ఆటల ప్రోగ్రామ్ స్టీమ్ ఎక్కించబోయిన ఒక పేరున్న యూట్యూబర్‌కు డెస్క్‌టాప్ మొత్తం పోయింది. ప్యాకేజీల మధ్య గొడవ వచ్చి, ఎక్కించాలంటే డెస్క్‌టాప్ తీయాలని ఏపీటీ లెక్క కట్టింది. హెచ్చరించింది కూడా. ఒక పూర్తి వాక్యం టైప్ చేస్తేనే ముందుకెళ్తానంది, ఆయన టైప్ చేశారు. ఆ తర్వాత వచ్చిన ఏపీటీలు అలా వాక్యం అడగడం మానేసి మొండికేస్తాయి. అందుకే ఇన్‌స్టాల్ కొట్టినప్పుడు కూడా తీసేసే జాబితా ఉందేమో చూడాలి. డెబియన్ 13లో, కొత్త ఉబుంటుల్లో వచ్చిన ఏపీటీ 3 ఆ జాబితాను ఎర్రగా చూపిస్తుంది కాబట్టి కంటికి పడుతుంది. పాతవాటిలో అంతా ఒకే రంగు.

3. రిమూవా, పర్జా

సుడో ఏపీటీ రిమూవ్ టోటెమ్

రిమూవ్ ప్రోగ్రామ్‌ను తీస్తుంది, /ఈటీసీలోని దాని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది. మళ్లీ ఎక్కిస్తే పాత సెట్టింగులే ఉంటాయి. పర్జ్ వాటిని కూడా తీస్తుంది. తీసేసి మళ్లీ ఎక్కించినా అదే సమస్య వస్తోందంటే కారణం సాధారణంగా ఇదే. పాడైన సెట్టింగుల ఫైలు అక్కడే కూర్చుని ఉంటుంది. అప్పుడు రిమూవ్ బదులు పర్జ్ వాడాలి.

రెండూ ముట్టనిది మీ హోమ్ ఫోల్డర్. .కాన్ఫిగ్, .లోకల్/షేర్, .క్యాష్ ఫోల్డర్లలోని ప్రోగ్రామ్ డేటా మిగిలే ఉంటుంది. థండర్‌బర్డ్ పర్జ్ చేసినా మెయిల్స్ పోకపోవడం ఇందుకే. షాపులో సిస్టమ్ వేరేవాళ్లకు అమ్మేటప్పుడు పర్జ్ చేశాం కదా అని ఊరుకోవద్దు, కస్టమర్ల ఫైళ్లు హోమ్‌లో అలాగే ఉంటాయి.

కమాండ్ కొట్టాక కొనసాగించాలా అని అడుగుతుంది. పెద్ద వై, చిన్న ఎన్ కనిపిస్తాయి. పెద్ద అక్షరం ఏదైతే అదే డీఫాల్ట్. అంటే ఖాళీగా ఎంటర్ నొక్కినా అవునన్నట్టే. చదవకుండా ఎంటర్ కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. వద్దనుకుంటే ఎన్ కొట్టి ఎంటర్. -వై జోడించి ప్రశ్నే రాకుండా చేసే చిట్కాలు నెట్‌లో కనిపిస్తాయి. ఎక్కించడానికి సరే, తీసేటప్పుడు మాత్రం వాడొద్దు.

పేరు చివర నక్షత్రం గుర్తు పెట్టి ఒకే దెబ్బకు అన్నీ తీయాలనుకుంటే, ముందు సిమ్యులేట్‌తో అదే పేరు ఇచ్చి చూడండి. పైథాన్ పక్కన నక్షత్రం పెట్టి తీసినవాళ్లకు తర్వాత సిస్టమ్ మళ్లీ ఎక్కించుకోవడమే మిగిలింది.

4. తీసినా పోనివి: ఖాళీ పెట్టెలు

సుడో ఏపీటీ రిమూవ్ లిబ్రేఆఫీస్ కొడితే ఒకటో రెండో తప్ప ఏమీ పోదు, రైటర్ మామూలుగానే తెరుచుకుంటుంది. లిబ్రేఆఫీస్ అనే ప్యాకేజీలో ఏమీ లేదు. అది రైటర్, క్యాల్క్, ఇంప్రెస్ వగైరాలను వెంట తెచ్చే మెటా ప్యాకేజీ మాత్రమే. అసలు బరువు లిబ్రేఆఫీస్-కోర్ లాంటివాటిలో ఉంటుంది. కోర్‌ను తీస్తే పైవన్నీ వెంట పోతాయి.

లెక్కలు దాచే డేటాబేస్ సర్వర్ మైఎస్‌క్యూఎల్ విషయంలో ఇదే ప్రమాదంగా మారుతుంది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు తూకం లెక్కలో, కాలేజీ అటెండెన్సో పాత సిస్టమ్‌లోని మైఎస్‌క్యూఎల్‌లో ఉందనుకోండి. మైఎస్‌క్యూఎల్-సర్వర్‌ను రిమూవ్ చేస్తే సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే పోయింది మెటా ప్యాకేజీ, అసలుది మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0. పోలేదే అని దాన్ని పర్జ్ చేస్తే, డేటాబేసులు కూడా తీసేయాలా అని తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. అవునంటే /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌లోని లెక్కలన్నీ పోతాయి, తిరిగి రావు. పోస్ట్‌గ్రెస్‌లో కూడా ఇలాంటి ప్రశ్నే ఉంటుంది. డేటాబేస్ సర్వర్ ఏదైనా సరే, ముందు బ్యాకప్:

సుడో మైఎస్‌క్యూఎల్‌డంప్ --ఆల్-డేటాబేసెస్ > లెక్కలు.ఎస్‌క్యూఎల్

ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తెరిచి చూసి, సున్నా సైజు కాదని తేలాక సర్వర్ జోలికి వెళ్లండి.

5. ఆటోరిమూవ్ చేసే తెలుగు నష్టం

ఒక ప్యాకేజీ కోసం వెంట వచ్చినవి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనివి మిగిలితే వాటిని తీసేది:

సుడో ఏపీటీ ఆటోరిమూవ్

ఏది మీరు అడిగి ఎక్కించుకున్నారో, ఏది వెంట వచ్చిందో ఏపీటీ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు తప్పితే ఆటోరిమూవ్ కూడా తప్పుతుంది.

ఇక్కడ మనకు పనికొచ్చే ఉదాహరణ ఫాంట్లది. ఉబుంటులో ఫాంట్స్-ఇండిక్ అనే ప్యాకేజీ ఉంది. అది ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తమ్ల్, ఫాంట్స్-ఎమ్‌ఎల్‌వైఎమ్ లాంటి భాషల ప్యాకేజీలన్నిటినీ వెంట తెస్తుంది. ఫాంట్ల జాబితా పొడుగైందని, మలయాళం మనకెందుకని ఫాంట్స్-ఎమ్‌ఎల్‌వైఎమ్ తీశారనుకోండి. దాని మీద ఆధారపడిన ఫాంట్స్-ఇండిక్ కూడా పోతుంది. అది పోయాక ఫాంట్స్-తెలు ఎవరూ అడగని అనాథ అవుతుంది. తర్వాత ఎప్పుడో ఆటోరిమూవ్ కొడితే అదీ పోయే జాబితాలోకి వస్తుంది. పోతన, వేమన ఫాంట్లతో తయారు చేసిన పెళ్లి కార్డు మర్నాడు తెరిస్తే అక్షరాలు వేరే రూపంలో, వరుసలు చెదిరి కనిపిస్తాయి. ప్రింటర్‌ను తిట్టుకుని లాభం లేదు.

ముందే ఇలా కట్టేయండి:

సుడో ఏపీటీ-మార్క్ మాన్యువల్ ఫాంట్స్-తెలు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ఫాంట్స్-లోహిత్-తెలు

దీంతో అవి మీరు అడిగి ఎక్కించుకున్నవిగా లెక్క, ఆటోరిమూవ్ ముట్టుకోదు. తెలుగు టైపింగ్‌కు వాడే ఐబస్-ఎమ్17ఎన్‌ను కూడా ఆ వరుసలో చేర్చండి. మాన్యువల్‌గా ఉన్నవన్నీ చూడాలంటే ఏపీటీ-మార్క్ షోమాన్యువల్.

6. పైథాన్3ను తీయకండి

ల్యాబులో కొత్త వెర్షన్ కావాలని, పాతది తీసి కొత్తది ఎక్కిద్దామని స్టూడెంట్లు సుడో ఏపీటీ రిమూవ్ పైథాన్3 కొడతారు. ఉబుంటులో చాలా పనిముట్లు పైథాన్‌లో రాసినవే కాబట్టి డెస్క్‌టాప్, సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ అన్నీ వెంట పోతాయి. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. కొత్త పైథాన్ కావాలంటే పాతదాని పక్కన పెట్టుకోవాలి, ప్రాజెక్టుకు వెన్వ్ (ఆ ప్రాజెక్టు వరకే ఉండే విడి పైథాన్ ఫోల్డర్) వాడాలి. పాతదాన్ని తీసే అవసరం ఎప్పుడూ రాదు.

తీసేశాక ఈ వ్యాసం దొరికినవాళ్లకు: నల్ల తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి లాగిన్ అవ్వండి. ఏం పోయాయో అన్నీ ఇక్కడ రాసి ఉంటాయి:

లెస్ /వార్/లాగ్/ఏపీటీ/హిస్టరీ.లాగ్

చివరికి వెళ్తే మీరు కొట్టిన కమాండ్, తేదీ, రిమూవ్ అనే మాట పక్కన పోయిన ప్యాకేజీల పేర్లు ఉంటాయి. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెట్టి, ముందు సుడో ఏపీటీ అప్‌డేట్, తర్వాత సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్. లాగ్‌లో కనిపించినవి ఇంకా మిగిలితే వాటి పేర్లు కూడా జోడించండి. నెట్‌వర్క్-మేనేజర్ కూడా పోయి నెట్ రాకపోతే, ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మీ ఫైళ్లు బయటికి తీసుకుని మళ్లీ ఎక్కించుకోవడం తొందరగా తేలే దారి.

7. మధ్యలో ఆగిపోతే

లాక్ దొరకలేదని, ఫలానా నంబర్ ప్రాసెస్ పట్టుకుని ఉందని వస్తే, వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందని అర్థం. సిస్టమ్ ఆన్ చేసిన కొత్తలో ఇది మామూలే. పది నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. లాక్ ఫైలును డిలీట్ చేయమనే సలహా నెట్‌లో చాలాచోట్ల ఉంది, వినకండి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీల లెక్కల్లో రాస్తే ఆ లెక్కలే పాడవుతాయి.

తీస్తుండగా కరెంటు పోవడం మన దగ్గర కొత్తేం కాదు, ఎండాకాలం గాలిదుమారం లేస్తే మరీను. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద అలాంటి సాయంత్రం పెద్ద పనులు పెట్టుకోకండి. పోతే మాత్రం, సిస్టమ్ మళ్లీ లేచాక ఈ వరుసలో:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ --పెండింగ్
సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

రెండోది కూడా ఏవో తీస్తానని అడగొచ్చు. ఆ జాబితా కూడా చదవాలి.

ప్యాకేజీ చాలా చెడ్డ స్థితిలో ఉంది, తీసే ముందు మళ్లీ ఎక్కించండి అని వస్తే అది చెప్పినట్టే చేయండి: సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు, ఆ తర్వాత రిమూవ్. నెట్ నుంచి విడిగా దింపి ఎక్కించిన డెబ్ ఫైలైతే (ప్యాకేజీ ఉండే ఫైలు) ఏపీటీకి అది మళ్లీ దొరకదు. ప్రింటర్ డ్రైవర్ల దగ్గర ఈ తిప్పలు ఎక్కువ. అదే డెబ్ ఫైలును మళ్లీ దింపి సుడో డీపీకేజీ --ఇన్‌స్టాల్‌తో ఎక్కించి తర్వాత తీయండి. అదీ కుదరకపోతేనే చివరి ఆయుధం:

సుడో డీపీకేజీ --రిమూవ్ --ఫోర్స్-రిమూవ్-రీఇన్‌స్ట్‌రెక్ ప్యాకేజీపేరు

చివరి మాట అక్షరాలు ఆర్ ఈ ఐ ఎన్ ఎస్ టీ ఆర్ ఈ క్యూ. దీన్ని డ్రైవర్లలాంటి విడి ప్యాకేజీల మీదే వాడండి, లిబ్‌తో మొదలయ్యేవాటి మీద వద్దు.

తీసే స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చిందని వస్తే చాలాసార్లు కారణం ఆగనంటున్న సర్వీసు. సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ సర్వీసుపేరు అని ముందు దాన్ని ఆపి, మళ్లీ రిమూవ్ కొట్టండి.

8. బూట్ నిండినప్పుడు పాత కెర్నెల్స్

కెర్నెల్ అంటే సిస్టమ్‌ను నడిపే అసలు గుండెకాయ, అది /బూట్‌లో ఉంటుంది. డిస్క్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా చోటు లేదని అప్‌డేట్ ఆగిపోతే /బూట్ విడి పార్టిషన్‌గా ఉందేమో చూడండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కించిన సిస్టమ్స్‌లో ఇలా ఉంటుంది. డీఎఫ్ -హెచ్ /బూట్ కొడితే ఎంత నిండిందో తెలుస్తుంది. మామూలుగా అయితే ఇది చాలు:

సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్

ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ను, కొత్తదాన్ని ఉంచి పాతవి తీస్తుంది. అదీ ఆగిపోతే యూనేమ్ -ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న నంబర్ కాగితం మీద రాసుకోండి. డీపీకేజీ --లిస్ట్‌లో లినక్స్-ఇమేజ్‌తో మొదలయ్యేవాటిలో ఆ నంబర్ కానిది, అన్నిటికంటే పాతది ఒకటి ఎంచుకుని సుడో డీపీకేజీ --పర్జ్ చేయండి. తర్వాత ఫిక్స్-బ్రోకెన్. రెండు కెర్నెల్స్ ఎప్పుడూ ఉండాలి, కొత్తది బూట్ కాకపోతే పాతదానితో లేవొచ్చు.

9. మిగిలిపోయిన చెత్త

రిమూవ్ చేసినవాటి సెట్టింగులు మిగిలాయేమో డీపీకేజీ --లిస్ట్‌లో తెలుస్తుంది. ఐఐ అని మొదలయ్యేవి ఎక్కి ఉన్నవి, ఆర్‌సీ అని మొదలయ్యేవి ప్రోగ్రామ్ పోయి సెట్టింగులు మిగిలినవి. ఆర్‌సీలన్నీ ఒకేసారి తీయాలంటే:

సుడో ఏపీటీ పర్జ్ '~సీ'

టిల్డె గుర్తు, సీ అక్షరం, రెండు వైపులా ఒంటి కోట్లు. వీటి వల్ల పెద్దగా చోటు రాదు, శుభ్రత కోసమే. చోటు కావాలంటే సుడో ఏపీటీ క్లీన్ మేలు. దింపి ఉంచిన డెబ్ ఫైళ్లను /వార్/క్యాష్/ఏపీటీ/ఆర్కైవ్స్ నుంచి తీసేస్తుంది, ఎక్కిన ప్రోగ్రాములకు ఏమీ కాదు. నెట్ బలహీనంగా ఉన్నచోట మాత్రం వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని క్లీన్ చేయండి, పక్క సిస్టమ్‌లో అదే వెర్షన్ ఉంటే మళ్లీ దింపక్కర్లేదు.

క్రోమ్ లాంటివి ఎక్కేటప్పుడు తమ రిపోజిటరీని (ప్యాకేజీలు దింపే నెట్ అడ్రస్‌ను) కూడా పెట్టుకుంటాయి. ప్రోగ్రామ్ తీశాక అప్‌డేట్ కొట్టినప్పుడు దాని అడ్రస్ ఇంకా కనిపిస్తుంటే /ఈటీసీ/ఏపీటీ/సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్‌లో దాని పేరున్న ఫైలు తీసేయండి.

10. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్

ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది. ఏపీటీలో ఆ పేరుతో ఉన్నది స్నాప్‌కు దారి చూపే పెట్టె. స్నాప్ లిస్ట్‌తో పేరు చూసి:

సుడో స్నాప్ రిమూవ్ ఫైర్‌ఫాక్స్

ఇలా తీస్తే స్నాప్ దాని డేటాను ఒక కాపీగా దాచి 31 రోజులు ఉంచుతుంది. తీసినా చోటు రాలేదని అనిపించేది అందుకే. కాపీ వద్దనుకుంటే --పర్జ్ జోడించండి, కానీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కూడా పోతాయి. స్నాప్ లాంటిదే ఇంకో పద్ధతి ఫ్లాట్‌ప్యాక్. అందులో యాప్ తీశాక దాని కింద పరిచిన రన్‌టైమ్‌లు (యాప్ నడవడానికి కావాల్సిన ఉమ్మడి ఫైళ్లు) మిగిలిపోతాయి, అసలు బరువు వాటిదే. ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్ కొడితే అవి పోతాయి.

ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాడేవాళ్లకు ఏపీటీ బదులు ఉండేది డీఎన్‌ఎఫ్. డీఎన్‌ఎఫ్ రిమూవ్ అక్కర్లేని తోడు ప్యాకేజీలను కూడా అప్పటికప్పుడే తీసేస్తుంది, అందుకని జాబితా ఏపీటీలో కంటే పొడుగ్గా వస్తుంది. పొరపాటైతే డీఎన్‌ఎఫ్ హిస్టరీలో ఆ పని నంబర్ చూసి, సుడో డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూ పక్కన ఆ నంబర్ ఇస్తే పోయినవి మళ్లీ దింపుకుంటుంది.